బీసీఆర్-ఏబీఎల్ లేదన్నారు, తెల్లకణాలు తగ్గడం లేదు: ఇక ఏ జన్యు పరీక్ష చేయించాలి?

ప్రశ్న (పుత్తూరు ఆడపడుచు, తిరుపతి)

అందరికీ నమస్కారం. మాది పుత్తూరు దగ్గర పల్లె, ఉద్యోగరీత్యా నేను తిరుపతిలో ఉంటున్నాను. మా నాయనకు 67 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మార్చిలో కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు మామూలుగా చేసే సీబీపీ అనే రక్తకణాల లెక్కింపు పరీక్షలో తెల్లకణాలు 38,000 ఉన్నాయని తేలడంతో ఆపరేషన్ వాయిదా వేశారు. ఎక్కడో ఇన్‌ఫెక్షన్ ఉండి ఉంటుందని రెండు విడతలు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. జ్వరం మొదటి నుంచీ లేదు. మేలో 41,000, జూలైలో 44,000 వచ్చాయి. నాయన ఈ అంకెలన్నిటినీ తేదీలతో సహా ఒక నోటుబుక్కులో పట్టిక గీసి రాసుకుంటున్నారు కాబట్టి చూసి రాస్తున్నాను: జూలై రిపోర్టులో తెల్లకణాల రకాల్లో న్యూట్రోఫిల్స్ 86 శాతం, లింఫోసైట్స్ 8, మోనోసైట్స్ 2, ఇయోసినోఫిల్స్ 1, పూర్తిగా ఎదగని కణాలు 3 శాతం, హిమోగ్లోబిన్ 11.4, ప్లేట్‌లెట్స్ 1,70,000. స్కానింగులో ప్లీహం 15 సెంటీమీటర్లకు పెరిగిందని రాశారు. నీరసం ఉంది, అన్నం తిన్నాక ఎడమ డొక్కలో బరువుగా ఉంటోందని అంటున్నారు.

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా (సీఎంఎల్) అనే అనుమానంతో, ఆ జబ్బుకు గుర్తయిన బీసీఆర్-ఏబీఎల్ అనే కలిసిన జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష చేయించగా అది కనబడలేదని వచ్చింది. డాక్టరు గారు ఇది క్రానిక్ న్యూట్రోఫిలిక్ ల్యుకేమియా అనే చాలా అరుదైన జబ్బు కావచ్చనీ, సీఎస్‌ఎఫ్3ఆర్ అనే జన్యువును పరీక్షించాలనీ, బోన్‌మ్యారో కూడా తీయాలనీ చెప్పారు. మా బంధువులు మాత్రం బీసీఆర్-ఏబీఎల్ లేదంటే క్యాన్సర్ లేనట్టేననీ, ఇంత ఖర్చు పెట్టి ఊరికే భయపడుతున్నామనీ అంటున్నారు. ఆ పరీక్ష నిజంగా అవసరమా? రక్తం ఇస్తే సరిపోతుందా, మజ్జ కూడా తీయాల్సిందేనా? జన్యువు అంటున్నారు కాబట్టి నాకూ, తమ్ముడికీ వచ్చే ప్రమాదం ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (పాథాలజిస్టు, చిత్తూరు)

అమ్మా, మీరు అంకెలన్నీ వరుసగా ఇచ్చినందువల్ల జవాబు చెప్పడం సాధ్యమవుతోంది. నేను చాలా ఏళ్లుగా రక్తపు స్మియర్లు (గాజు పలక మీద పూసిన రక్తం) చూస్తున్నవాణ్ని. అయినా మీ నాయనగారిని స్వయంగా చూస్తున్న డాక్టరు గారిదే చివరి మాట. ఆయన ఆలోచిస్తున్న దారి సరైనదనే నాకు అనిపిస్తోంది.

ముందు బంధువుల మాట గురించి చెబుతాను. బీసీఆర్-ఏబీఎల్ లేకపోతే సీఎంఎల్ ఒక్కటి లేదని మాత్రమే అర్థం. తెల్లకణాలు పెరిగే ఇతర జబ్బుల గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. పైగా అది లేదని చెప్పడానికి కూడా ఏ పద్ధతిలో వెతికారో తెలియాలి. అక్కడికి తర్వాత వస్తాను, ఎందుకంటే నా దృష్టిలో మీ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన విషయం అదే.

న్యూట్రోఫిల్స్ ఇంతగా పెరిగినప్పుడు శరీరం దేనికో స్పందిస్తోందా, మజ్జ తనంతట తాను ఉత్పత్తి చేస్తోందా అన్నది మొదట తేల్చాలి. స్మియరును ఒక్కదాన్నే చూసి దీన్ని తేల్చలేము. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో న్యూట్రోఫిల్స్ లోపల ముదురు రేణువులూ, డోలే బాడీస్ అనే నీలి మచ్చలూ కనిపిస్తాయి. క్రానిక్ న్యూట్రోఫిలిక్ ల్యుకేమియాలోనూ అచ్చం అవే కనిపిస్తాయి. పాతకాలపు న్యూట్రోఫిల్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్ష కూడా రెండింటిలోనూ ఎక్కువగానే వస్తుంది. అది సీఎంఎల్‌లో తగ్గుతుంది కాబట్టి అక్కడ పనికొచ్చేది, ఇక్కడ పనికిరాదు. అందుకే క్షయ, లోపల దాగిన చీముగడ్డ, కీళ్లవాతం వంటి వాపు జబ్బులు, ఇతర అవయవాల్లోని క్యాన్సర్లు లేవని చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులకని ఎవరైనా పేరులేని మాత్రలో పొడులో ఇస్తున్నారా అని నాయనగారిని ఒకసారి మెల్లగా అడగండి. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండటం కొత్తేమీ కాదు, స్టెరాయిడ్ వాడితే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి.

మరొకటి చాలామంది మరిచిపోయేది: రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే సీరమ్ ప్రోటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్. మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్), దానికి ముందు దశ అయిన ప్లాస్మా కణాల రుగ్మత ఉన్న కొందరిలో ఆ కణాలు న్యూట్రోఫిల్స్‌ను పెంచే జీ-సీఎస్‌ఎఫ్ అనే పదార్థాన్ని విడుదల చేయడం వల్ల అచ్చం ఈ ల్యుకేమియాలాగే కనిపిస్తుంది. రోగం అక్కడుంటే మందు ఇక్కడ వేసినట్టవుతుంది.

ఇక బీసీఆర్-ఏబీఎల్. సీఎంఎల్ ఉన్నవారిలో 22వ క్రోమోజోమ్ కురచగా ఉండటాన్ని 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించారు. 9, 22 క్రోమోజోమ్‌ల ముక్కలు పరస్పరం మారడం వల్ల అలా జరుగుతోందని 1973లో జానెట్ రౌలీ చూపించారు. ఆ మార్పిడిలో 22వ క్రోమోజోమ్‌పై ఉండే బీసీఆర్ జన్యువు అందరిలోనూ ఒకే చోట తెగదు. సీఎంఎల్ ఉన్నవారిలో దాదాపు అందరికీ పీ210 అనే రకం ప్రోటీన్ వచ్చేటట్టు తెగుతుంది. చాలా కొద్దిమందిలో మరింత కిందికి తెగి పీ230 అనే పెద్ద ప్రోటీన్ వస్తుంది. ఈ పీ230 రకం సీఎంఎల్‌లో చాలాసార్లు ఎదిగిన న్యూట్రోఫిల్స్ మాత్రమే ఎక్కువగా కనబడతాయి, ఎదగని కణాలు తక్కువగా ఉంటాయి, అంటే మీ నాయనగారి రిపోర్టులాగే ఉంటుంది. అంతర్జాతీయ స్కేలు మీద శాతం చెప్పే మామూలు పీసీఆర్ పీ210 కోసమే తయారైనది. అది పీ230ని చూడలేదు, చూడలేనిదాన్ని లేదని రాస్తుంది. కాబట్టి మీ రిపోర్టులో ఏ రకాల కోసం వెతికారో రాసి ఉంటుంది, చూసి చెప్పండి. ఫిష్ అనే పరీక్షలో రెండు జన్యువులకు వేర్వేరు రంగులు వేసి అవి కలిశాయో లేదో చూస్తారు కనుక జన్యువు ఎక్కడ తెగినా దాదాపుగా దొరికిపోతుంది. సీఎస్‌ఎఫ్3ఆర్ కంటే ముందు, లేదా దానితో పాటే, ఫిష్ చేయించమని డాక్టరు గారిని అడగండి.

జవాబు (పలమనేరు నుంచి)

పై డాక్టరు గారు చెప్పినది మా ఇంట్లో జరిగింది కాబట్టి రాస్తున్నాను. మా అన్నకు తెల్లకణాలు 52,000 ఉన్నప్పుడు పీసీఆర్‌లో ఏమీ లేదని వచ్చింది. ఐదు నెలలు కణాలను తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్రలతో నెట్టుకొచ్చాము. కణాలు తగ్గేవి, మాత్ర ఆపగానే పెరిగేవి. అరుదైన జబ్బు అనీ, దీనికి ప్రత్యేకమైన మందు లేదనీ మాకు మేమే నచ్చజెప్పుకున్నాం. తర్వాత వేరే చోట చూపించినప్పుడు అక్కడి డాక్టరమ్మ పాత రిపోర్టును చదివి, ఇందులో ఒక్క రకానికే వెతికారని చెప్పి ఫిష్ చేయించారు. పాజిటివ్ వచ్చింది. విడిగా పీ230 కోసం పీసీఆర్ చేస్తే అందులోనూ పాజిటివే. అన్న ఇప్పుడు సీఎంఎల్‌కు ఇచ్చే ఇమాటినిబ్ మాత్ర రోజుకొకటి వేసుకుని మామిడి తోట పని మామూలుగా చూసుకుంటున్నాడు. ఆ ఐదు నెలలూ ఎవరి తప్పని వెతకడం లేదు. చేసిన పరీక్ష తప్పు కాదు, దాన్ని చదివిన తీరు తప్పు.

మరో మాట కూడా చెప్పాలి. బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ ఆర్‌ఎన్‌ఏ మీద చేస్తారట, అది త్వరగా చెడిపోతుందట. మా శాంపిల్ మే నెల ఎండలో రెండు రోజులు కొరియర్‌లో తిరిగి చేరింది. రిపోర్టులో కంట్రోల్ జన్యువు తగినంత దొరికిందా లేదా అన్న వరుస ఒకటి ఉంటుంది. అది సరిగా లేకపోతే ఫలితం లేనట్టే లెక్క. అక్కగారూ, మీరు ఆ వరుస కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రిపోర్టు తీసి చూశాను. పీ210కి మాత్రమే చేసినట్టు కింద చిన్న అక్షరాల్లో ఉంది. కంట్రోల్ జన్యువు సరిపడా ఉందని రాశారు. ఆ చిన్న అక్షరాలను ఇన్నాళ్లూ మేము చదవనే లేదు. డాక్టరు గారికి చూపిస్తే వెంటనే ఫిష్ రాశారు, ఎలెక్ట్రోఫోరెసిస్ కూడా రాశారు. నాయనను మాత్రల గురించి అడిగాను. మోకాళ్లకు కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాసుకోవడం తప్ప ఏమీ వాడలేదన్నారు. సీఎస్‌ఎఫ్3ఆర్ గురించి ఎవరైనా చెబితే మజ్జ తీసే రోజుకు మేము సిద్ధంగా ఉంటాము.

జవాబు (జన్యుశాస్త్రం బోధించేవారు, తిరుపతి)

నేను వైద్యురాలిని కాను, జన్యుశాస్త్రం అధ్యాపకురాలిని; ఆ మేరకే చెబుతాను.

కీమోథెరపీ తీసుకునేవారికి తెల్లకణాలు పడిపోతే కణాలు పెరిగే ఇంజెక్షన్ అని ఒకటి ఇస్తారు, మీ బంధువర్గంలో ఎవరికైనా ఇచ్చి ఉంటే మీకు తెలిసే ఉంటుంది. ఆ ఇంజెక్షన్‌లో ఉండేది జీ-సీఎస్‌ఎఫ్. మజ్జలోని కణం మీద ఆ పదార్థాన్ని అందుకునే గ్రాహకం ఒకటి ఉంటుంది, దాన్ని తయారుచేసే జన్యువే సీఎస్‌ఎఫ్3ఆర్. జీ-సీఎస్‌ఎఫ్ వచ్చి తాకినప్పుడు మాత్రమే రెండు గ్రాహకాలు జతకట్టి, జాక్ అనే ఎంజైమ్‌ల ద్వారా లోపలికి సంకేతం పంపాలి. ఆ ప్రోటీన్ గొలుసులో 618వ స్థానంలో థ్రియోనిన్ ఉండాల్సిన చోట ఐసోల్యూసిన్ వచ్చి చేరితే, బయటి నుంచి ఎవరూ తాకకపోయినా గ్రాహకాలు జతకట్టేస్తాయి. తెరిచిన కుళాయి మూతపడనట్టు, న్యూట్రోఫిల్స్ తయారుచేయమన్న సంకేతం ఆగకుండా వెళ్తూనే ఉంటుంది. దీన్నే టీ618ఐ అంటారు. పాత వ్యాసాల్లో ఇదే మార్పును టీ595ఐ అని చూస్తారు. ప్రోటీన్ మొదట్లో ఊడిపోయే 23 అమైనో ఆమ్లాలను లెక్కించడం, లెక్కించకపోవడం వల్ల వచ్చిన తేడాయే తప్ప అది వేరే మార్పు కాదు.

క్రానిక్ న్యూట్రోఫిలిక్ ల్యుకేమియాకు చాలాకాలం తనదైన గుర్తు అంటూ లేదు. మిగతావన్నీ కాదని తేలాక మిగిలేదాన్ని ఆ పేరుతో పిలిచేవారు. 2013లో అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు ఈ జబ్బు గానీ, దీన్ని పోలిన, బీసీఆర్-ఏబీఎల్ లేని అసాధారణ సీఎంఎల్ గానీ ఉన్న 27 మందిని పరిశీలించగా 16 మందిలో సీఎస్‌ఎఫ్3ఆర్ మార్పులు దొరికాయి. తర్వాత 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారణ ప్రమాణాల్లో దాన్ని చేర్చింది. ఒక జబ్బు 'ఏదీ కానిది' అనే స్థితి నుంచి 'ఇదీ' అని చెప్పగలిగే స్థితికి రావడం రోగి కుటుంబానికి ఎంత ఊరటో మీ ప్రశ్న చదివితే అర్థమవుతోంది.

పరీక్ష పంపే ముందు ఒక జాగ్రత్త తీసుకోండి. ఒకేసారి అనేక జన్యువులను చదివే, ఎన్‌జీఎస్ మైలాయిడ్ ప్యానెల్ అని అమ్మే పరీక్షలన్నీ ఒకటి కావు, కొన్ని చిన్న ప్యానెళ్లలో సీఎస్‌ఎఫ్3ఆర్ ఉండదు. జన్యువుల జాబితా ముందే అడిగి, అందులో సీఎస్‌ఎఫ్3ఆర్‌తో పాటు మజ్జ జబ్బుల్లో మారే ఇతర జన్యువులైన ఎస్‌ఈటీబీపీ1, ఏఎస్‌ఎక్స్‌ఎల్1, ఎస్‌ఆర్‌ఎస్‌ఎఫ్2 ఉన్నాయో చూడండి. ఖర్చు భరించలేకపోతే సీఎస్‌ఎఫ్3ఆర్‌లో 14వ ఎక్సాన్ అనే భాగాన్ని మాత్రమే సాంగర్ పద్ధతిలో చదివించినా టీ618ఐ దొరుకుతుంది. 17వ ఎక్సాన్‌లో గ్రాహకపు తోకను కత్తిరించే మార్పులు ఉంటాయి కనుక దాన్ని కూడా కలిపితే మంచిది.

రక్తమా, మజ్జా అని అడిగారు. ఈ మార్పు రక్తంలో తిరిగే న్యూట్రోఫిల్స్‌లోనే ఉంటుంది కాబట్టి ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో రక్తం ఇచ్చినా జన్యు పరీక్షకు సరిపోతుంది. డీఎన్‌ఏ కనుక ఆర్‌ఎన్‌ఏ అంత సుకుమారం కాదు. అయినా మజ్జ తీయడం తప్పదు, ఎందుకంటే బ్లాస్టులు (మొదటి దశలోనే ఉన్న లేత కణాలు) ఎన్ని ఉన్నాయో, కణాలు వికారంగా ఎదుగుతున్నాయో లేదో, మజ్జలో నారపీచు పెరిగిందో లేదో జన్యువు చెప్పదు. క్రోమోజోమ్ పరీక్షకు బతికున్న కణాలు కావాలి, కనుక దానికి హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత గొట్టంలో వేరుగా పంపుతారు.

మీకూ, తమ్ముడికీ వస్తుందా అన్నదానికి: టీ618ఐ పుట్టుకతో వచ్చేది కాదు, పెద్దయ్యాక మజ్జలోని ఒక కణంలో ఏర్పడి దాని సంతతికి మాత్రమే వ్యాపించేది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే సీఎస్‌ఎఫ్3ఆర్ మార్పు కూడా ఒకటి వైద్య సాహిత్యంలో ఉంది, టీ617ఎన్ అనేది. దానివల్ల కుటుంబంలో పలువురికి న్యూట్రోఫిల్స్ ఎక్కువగా ఉంటాయి. అది అత్యంత అరుదు. నాయనగారి పాత రక్తపరీక్షల్లో కణాలు మామూలుగా ఉండేవని తెలిస్తే ఆ అనుమానం కూడా పెట్టుకోనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

రిపోర్టులన్నీ వచ్చాయి. ఫిష్‌లో బీసీఆర్-ఏబీఎల్ కలయిక లేదు. ఎలెక్ట్రోఫోరెసిస్‌లో మైలోమా వంటి జబ్బుల్లో కనబడే ఎమ్ బ్యాండ్ లేదు. ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ మామూలుగా ఉంది, ఛాతీ, పొట్ట సీటీలో ప్లీహం తప్ప ఇంకేమీ లేదు. మజ్జలో న్యూట్రోఫిల్ వరుస కణాలు చాలా ఎక్కువగా ఉన్నాయి, వికారమైన ఎదుగుదల లేదు, బ్లాస్టులు 2 శాతం. క్రోమోజోములు 46, మామూలుగానే ఉన్నాయి. జన్యు పరీక్షలో సీఎస్‌ఎఫ్3ఆర్ టీ618ఐ, 43 శాతం. ఏఎస్‌ఎక్స్‌ఎల్1లో ఒక మార్పు, 38 శాతం అని రాశారు. ఐదేళ్ల కిందటి ఒక రక్తపరీక్ష ఇంట్లో దొరికింది, అందులో తెల్లకణాలు 7,800. ఈ శాతాలకు అర్థం ఏమిటని నాయన అడుగుతున్నారు. సగం కంటే తక్కువ కణాల్లోనే జబ్బు ఉందనుకోవచ్చా?

జవాబు (పాథాలజిస్టు, చిత్తూరు)

అలా అనుకోకూడదమ్మా. ఆ శాతం కణాలది కాదు, ఆ జన్యువు ప్రతులది. ప్రతి కణంలో ఒక్కో జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. సాధారణంగా వాటిలో ఒక్కటే మారుతుంది. కాబట్టి 43 శాతం ప్రతులు మారాయంటే సుమారు 86 శాతం కణాలు ఆ మార్పును మోస్తున్నాయన్నమాట. మాస్టారు కనుక మీకంటే ముందే ఈ లెక్క ఆయనకు అర్థమవుతుంది.

నిర్ధారణ విషయంలో ఇప్పుడు సందేహానికి చోటు తక్కువ. తెల్లకణాలు 25,000 దాటి ఉండాలి, అందులో న్యూట్రోఫిల్స్ 80 శాతానికి తగ్గకూడదు, ఎదగని కణాలు 10 శాతం లోపు, మోనోసైట్స్ 1,000 లోపు ఉండాలి. 44,000లో 2 శాతం అంటే 880 కనుక ఆ చివరి షరతు కూడా కొద్ది తేడాతో నెరవేరింది. మజ్జలో బ్లాస్టులు 5 శాతం లోపే ఉన్నాయి, సీఎంఎల్ కాదని ఈసారి సరైన పద్ధతిలో తేలింది. 2022లో వచ్చిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ వర్గీకరణ అయితే టీ618ఐ దొరికినవారికి 13,000 కణాలు ఉన్నా చాలంటోంది; జన్యువుకు ఎంత బరువు ఇచ్చారో దీన్నిబట్టి తెలుస్తుంది. సీఎస్‌ఎఫ్3ఆర్ మార్పు దొరకనివారికైతే కణాలు కనీసం మూడు నెలలు ఎక్కువగానే ఉన్నాయనీ, ప్లీహం పెరిగిందనీ, మరే కారణమూ లేదనీ చూపించాల్సి ఉంటుంది. మార్చి నుంచి జూలై దాకా నాయనగారు రాసిన పట్టిక ఆ పనికి కూడా సరిపోయేది. దాన్ని ఆపవద్దని చెప్పండి.

ఏఎస్‌ఎక్స్‌ఎల్1 గురించి దాపరికం లేకుండా చెప్పడమే మంచిది. ఆ ఒక్కటే ఉండి ఉంటే దాన్నిబట్టి ఏ జబ్బు పేరూ పెట్టేవాళ్లం కాదు, ఎందుకంటే అది అనేక మజ్జ జబ్బుల్లో కనబడుతుంది, జబ్బులేని కొందరు వృద్ధుల రక్తంలోనూ ఉంటుంది. కానీ ఈ ల్యుకేమియాతో కలిసి వచ్చినప్పుడు జబ్బు కొంత త్వరగా ముదిరే సూచనగా దాన్ని తీసుకుంటారు. అందువల్ల చికిత్స గురించిన మాటలు వాయిదా వేయకండి.

కణాలను, ప్లీహాన్ని అదుపులో ఉంచడానికి హైడ్రాక్సీయూరియాతో మొదలుపెట్టడం ఆనవాయితీ. పై అధ్యాపకురాలు చెప్పిన జాక్ సంకేతాన్ని అడ్డుకునే రుక్సోలిటినిబ్ అనే మాత్ర ఉంది, నిజానికి అది మజ్జలో నారపీచు పెరిగే మైలోఫైబ్రోసిస్ కోసం వచ్చినది. ఈ జబ్బు, అసాధారణ సీఎంఎల్ ఉన్న 44 మందిలో దాన్ని పరీక్షించిన అధ్యయనం 2020లో వెలువడింది. అందరిలో కాకపోయినా కొందరిలో పనిచేసింది, సీఎస్‌ఎఫ్3ఆర్ మార్పు ఉన్నవారిలో స్పందన మెరుగ్గా కనబడింది. జబ్బును పూర్తిగా తొలగించే అవకాశం ఉన్నది దాత మజ్జ మార్పిడికి మాత్రమే. 67 ఏళ్ల వయసులో అది తేలికైన నిర్ణయం కాదు, అలాగని అడగకుండా వదిలేసేదీ కాదు. మీకు దగ్గరలోని వేలూరు సీఎంసీలో 1986 నుంచి అలాంటి మార్పిడులు చేస్తున్నారు, అక్కడ రక్తవ్యాధుల విభాగం ప్రత్యేకంగా ఉంది. మీ డాక్టరు గారి ఉత్తరంతో వెళ్లి ఒకసారి అభిప్రాయం తీసుకోండి. వెళ్లేటప్పుడు మజ్జ స్లైడులు, మజ్జ ముక్కను మైనంలో భద్రపరిచిన పారఫిన్ బ్లాకు అడిగి తీసుకువెళ్తే మళ్లీ మజ్జ తీయాల్సిన అవసరం రాకపోవచ్చు.

ఇంకొకటి. ఈ జబ్బులో ప్లేట్‌లెట్స్ సంఖ్య బాగానే ఉన్నా రక్తస్రావం అయ్యే స్వభావం ఉంటుంది. కంటి ఆపరేషన్‌కో, పన్ను పీకించుకోవడానికో వెళ్లే ముందు రక్తవ్యాధుల డాక్టరుకు తప్పకుండా చెప్పండి, నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు.

ప్రశ్న అడిగినవారు

వచ్చే సోమవారానికి వేలూరులో అపాయింట్‌మెంటు దొరికింది, స్లైడులు, బ్లాకు తీసి పెట్టారు. తమ్ముడు బెంగళూరు నుంచి వస్తున్నాడు, దాతగా సరిపోతానో లేదో తన రక్తం కూడా చూడమని అడుగుతానన్నాడు. బంధువులకు నాయనే ఫోన్ చేసి జబ్బు పేరు చెప్పారు. 43ను రెండింతలు చేసిన లెక్క చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత నోటుబుక్కు తెమ్మని, పట్టికలో ప్లీహం కొలతకు ఒక గడి, ఈ శాతానికి ఒక గడి కొత్తగా గీసుకున్నారు.